గిటార్ సింథ్: ఆరు తీగలకు ఆరు దారులు

గిటార్ సింథ్ అంటే తీగ స్వరాన్ని గుర్తించి దాన్ని ఎలక్ట్రానిక్ శబ్దంగా పలికించే పరికరం. తీగ కదలికను విద్యుత్ సిగ్నల్‌గా మార్చేది పికప్. రోలాండ్ జీకే-3 లాంటి పికప్ ఆరు తీగల సిగ్నళ్లను విడివిడిగా 13 పిన్నుల కేబుల్‌లో పంపుతుంది. దాన్ని బ్రిడ్జికి వీలైనంత దగ్గరగా బిగించండి. చివరి ఫ్రెట్ నొక్కి పట్టినప్పుడు తీగకూ పికప్‌కూ మధ్య సుమారు 1 మిల్లీమీటరు ఖాళీ ఉండాలి. స్టీలు తీగలే పనికొస్తాయి. నైలాన్‌ను ఈ అయస్కాంత పికప్ పసిగట్టదు.

తర్వాత సింథ్ మెనూలో ఒక్కో తీగకు సెన్సిటివిటీ సరిచేయాలి. ఇక్కడ తొందరపడితే ఏ ప్యాచ్ (సింథ్‌లో దాచిన శబ్దపు అమరిక) పెట్టినా తంటాయే. మీరు మీటగలిగినంత గట్టిగా మీటుతూ మీటరు నిండిపోకుండా చూడండి. ఎక్కువైతే పక్క తీగ కదిలినా స్వరం మోగుతుంది. తక్కువైతే మెల్లగా మీటినవి ఎగిరిపోతాయి.

లావు ఇ తీగ ఆలస్యంగా పలకడం సహజం. 82 హెర్ట్జ్ వద్ద ఒక్క ఆవృత్తికే 12 మిల్లీసెకన్లు పడుతుంది, స్వరం గుర్తించడానికి అది కూడా చాలదు. అందుకే బాస్ లైనును ఒక ఆక్టేవ్ పైన వాయించి, ప్యాచ్‌లో కిందికి దించండి.

స్వరం గుర్తించే పని లేకుండా తీగ సిగ్నల్‌నే మలిచే మోడలింగ్‌కు ఈ బెడద లేదు. ఒక్కో తీగకు విడిగా డిస్టార్షన్ ఇచ్చి చూడండి: స్వరాలు ఒకదాన్నొకటి చెరపవు కాబట్టి నిండు కార్డు (ఒకేసారి మోగే స్వరాల గుంపు) కూడా స్పష్టంగా వినిపిస్తుంది. 1, 3, 5 తీగలను ఎడమకు, మిగతావి కుడికి పంపితే ఆర్పెజియో (కార్డు స్వరాలను ఒక్కొక్కటిగా మీటడం) రెండు స్పీకర్ల మధ్య తిరుగుతుంది.