మన కారు, మన చేతులు - 6వ పాఠం: వచ్చిన ప్యాడ్‌లను బిగించే ముందు

పోయిన పాఠంలో ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్‌లు, అంటే చక్రంతో తిరిగే డిస్క్‌ని రెండు పక్కల నుంచి నొక్కి ఆపే పలకలు, ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టమన్నాను. ఈసారి వాటిని బిగించడమే పాఠం అనుకున్నాను. కానీ మీరు రాసినవన్నీ చదివాక నేరుగా పానా పట్టుకోమని చెప్పడానికి మనసు ఒప్పలేదు. ఒకరికి వచ్చిన ప్యాడ్, దాన్ని పట్టి ఉంచే బ్రాకెట్‌లో కూర్చోనే లేదు. ఇంకొకరికి కూర్చుంది గానీ, ప్యాడ్ పైఅంచు డిస్క్ దాటి బయటికి వస్తోంది. మరొకరికి వెనక చక్రాల ప్యాడ్‌లు వచ్చాయి. డబ్బా మీద ఏం రాసుందో చూడకుండా సీలు చించేయడంతో అవి వాపసు కూడా పోలేదు. ఇందులో సగం తప్పు నాది. "ఛాసిస్ నంబర్ చూసి పెట్టండి" అని ఒక్క మాటతో దాటేశాను. అందుకే ముందు ఆ లెక్క సరిచేసుకుందాం.

ఎక్కువమంది దెబ్బతిన్నది ఒకే చోట. సైట్‌లో కారు పేరు, సంవత్సరం, ఇంజిన్ ఎంచుకున్నారు. "మీ కారుకు సరిపోతుంది" అని పచ్చ టిక్కు వచ్చింది. దాన్ని నమ్మి కొనేశారు. ఆ టిక్కు మీ కారును చూసి ఇచ్చింది కాదు. మీరు ఎంచుకున్న మూడు వివరాలను ఒక పట్టికతో పోల్చి ఇచ్చింది. మీరు ఇచ్చిన సంవత్సరం తప్పయితే టిక్కు కూడా తప్పే.

ఆ సంవత్సరం దగ్గరే నాకు ఇన్నేళ్లుగా చిరాకు. మనం చెప్పేది కారు కొన్న సంవత్సరం, లేదా రిజిస్ట్రేషన్ అయిన సంవత్సరం. పార్టుల పట్టికకు కావాల్సింది కారు తయారైన నెల, సంవత్సరం. జనవరిలో రిజిస్టర్ అయిన కారు అంతకుముందు అక్టోబర్‌లోనే ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చి ఉండొచ్చు. ఆ మధ్యలో కంపెనీ కాలిపర్ (ప్యాడ్‌లను డిస్క్ మీదికి నొక్కే భాగం) మార్చి ఉంటే, మీ కాగితాల ప్రకారం కొత్త రకం కారు, చక్రం వెనక మాత్రం పాత రకం కాలిపర్. కొన్నిసార్లు మార్పు సంవత్సరం మధ్యలోనే జరుగుతుంది. కంపెనీ కేటలాగ్‌లో "ఫలానా ఛాసిస్ నంబర్ వరకు ఈ ప్యాడ్, అక్కడి నుంచి ఆ ప్యాడ్" అని ఉండేది అందుకే. ఇంకో రకం కూడా ఉంది. ఒకే మోడల్‌కి ఒకే సమయంలో రెండు కంపెనీల కాలిపర్లు వాడతారు. అప్పుడు తయారైన నెల తెలిసినా చాలదు. పెద్ద చక్రాలతో వచ్చే ఖరీదైన వేరియంట్‌కి పెద్ద డిస్క్ వేస్తే దాని ప్యాడ్ కూడా వేరే. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారైతే, ముందు యజమాని ఏం మార్చాడో ఏ కాగితంలోనూ ఉండదు.

నాకు ఇది ఒక ఆదివారం పొద్దున అర్థమైంది. కారు స్టాండ్ల మీద ఉంది, రెండు ముందు చక్రాలు విప్పి పక్కన పెట్టాను, పాత ప్యాడ్‌లు తీసేశాను. కొత్త ప్యాడ్ చెవి, అంటే బ్రాకెట్ గాడిలో జారే ఇనప కొస, గాడి కంటే దాదాపు రెండు మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంది. ఎంత తోసినా పోదు. ఆకురాయితో అరగదీద్దామా అన్న ఆలోచన కూడా వచ్చింది. ఆ పని ఎప్పుడూ చేయొద్దు. రంగు కొద్దిగా మందంగా ఉండి చెవి బిగుతుగా పట్టడం వేరు, ఆకారమే వేరుగా ఉండడం వేరు. చివరికి పాత ప్యాడ్‌లే మళ్లీ బిగించి దింపాను. అప్పటి నుంచి నా పద్ధతి ఒకటే. పార్టు ఆర్డర్ పెట్టే ముందే ఒకసారి చక్రం విప్పి, పాతదాన్ని బయటికి తీసి, చూసి, తిరిగి పెట్టేస్తాను. గంట పని. ఆ గంట ఎప్పుడూ వృథా కాలేదు.

పాత ప్యాడ్ వెనక ఇనప పలక మీద అచ్చుగుద్దిన అంకెలుంటాయి. దుమ్ము తుడిచి, వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి ఫోటో తీయండి. కొన్నిటి మీద డబ్ల్యూవీఏ నంబర్ అని అయిదంకెలది ఉంటుంది. అది ప్యాడ్ ఆకారానికి ఇచ్చే నంబర్, కాబట్టి ఏ బ్రాండ్ వెతికినా పనికొస్తుంది. నంబర్ చెరిగిపోతే పలక పొడవు, ఎత్తు మిల్లీమీటర్లలో కొలవండి. మంచి సైట్లు ఈ కొలతలు ఇస్తాయి. కొలతలు ఇవ్వని చోట నేను కొనను.

ఛాసిస్ నంబర్ గురించి ఒక్క మాట. అది 17 స్థానాలుంటుంది. అందులో ఇంగ్లిష్ అక్షరాలు ఐ, ఓ, క్యూ ఉండవు. ఒకటికీ సున్నాకీ పొరపడతారనే వాటిని పక్కన పెట్టారు. కాబట్టి మీకు ఓ లాగా కనిపించేది సున్నాయే. "నంబర్ చెల్లదు అంటోంది" అని రాసినవాళ్లు ఒకసారి ఇది సరిచూసుకోండి.

ఎడమ, కుడి ఎప్పుడూ డ్రైవర్ సీట్లో కూర్చుని ముందుకు చూస్తే ఉండేవే. బానెట్ ఎదురుగా నిలబడి చెప్పొద్దు. ప్యాడ్‌లకు దీనితో అంత పేచీ రాదు గానీ, హెడ్‌లైట్, అద్దం, కాలిపర్ కొనేటప్పుడు తప్పకుండా వస్తుంది.

సరే, డబ్బా వచ్చింది. సీలు తీసే ముందు డబ్బా మీది నంబర్‌ని మీ ఫోటోలోని నంబర్‌తో పోల్చండి. తీశాక కొత్త ప్యాడ్‌ని పాతదాని మీద వీపుకి వీపు ఆనించి పెట్టండి. అంచులు, చెవులు, రంధ్రాలు ఉంటే రంధ్రాలు, అన్నీ కలవాలి. మందం మాత్రం కలవదు, కలవకూడదు. కొత్తదానికి రాపిడి పదార్థం 10 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. 3కి దిగితే మార్చే సమయం వచ్చినట్టే.

ఇక బిగింపు. జాకీ, స్టాండు, చక్రం విప్పడం మూడో పాఠంలో చేశాం, మళ్లీ చెప్పను. నేను రెండు చక్రాలూ ఒకేసారి విప్పుతాను గానీ, బ్రేక్ మాత్రం ఒక పక్క పూర్తయ్యే దాకా రెండో పక్క ముట్టుకోను. ఏ క్లిప్పు ఎటు తిరిగి ఉండాలో సందేహం వస్తే రెండో పక్కకి వెళ్లి చూస్తే చాలు. ఫోటో కంటే అదే నయం.

చాలా కార్లలో కాలిపర్ వెనక రెండు బోల్టులుంటాయి. కింది బోల్టు తీస్తే కాలిపర్ పైకి తెరుచుకుంటుంది. కొన్నిట్లో రెండూ తీయాలి. అప్పుడు కాలిపర్‌ని రబ్బరు గొట్టానికి వేలాడేయకండి, తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకి కట్టండి. దుమ్మును నోటితోనో గాలి పంపుతోనో ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి. లోపలి ప్యాడ్‌కి చిన్న ఇనప నాలుక ఉంటే, అరిగినప్పుడు కీచుమనేది అదే. పాతది ఏ వైపు ఉందో కొత్తదీ ఆ వైపే రావాలి.

కొత్త ప్యాడ్‌లు మందం కాబట్టి కాలిపర్‌లో ప్యాడ్‌ని నొక్కే పిస్టన్‌ని వెనక్కి నెట్టాలి. పాత ప్యాడ్‌ని పిస్టన్ మీద ఆనించి సీ క్లాంప్‌తో (మర తిప్పితే బిగిసే సీ ఆకారపు పట్టు) మెల్లగా బిగించండి. అంతకుముందే బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. పిస్టన్ వెనక్కి వెళ్తుంటే ఆయిల్ పైకి వస్తుంది. ఎవరైనా మధ్యలో నింపి ఉంటే పొంగుతుంది. అది పడితే పెయింట్ లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడగండి. ఇదంతా ముందు చక్రాలకే. వెనక డిస్క్ బ్రేకులున్న చాలా కార్లలో పిస్టన్‌ని తిప్పుతూ నెట్టాలి. బటన్‌తో పనిచేసే హ్యాండ్‌బ్రేక్ అయితే ముందు సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. కాబట్టి ఈ పాఠం చూసి వెనక చక్రాల జోలికి వెళ్లకండి.

కాలిపర్ జారే పిన్నులకు బ్రేకుల కోసం చేసిన సిలికాన్ గ్రీజే రాయండి. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ను పట్టేస్తుంది. ప్యాడ్ ముఖానికి, డిస్క్‌కి ఏ గ్రీజూ తగలకూడదు. బోల్టులు టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువు పడిందో తెలిపే పానా), మీ కారు మాన్యువల్‌లో ఉన్నంతే బిగించండి. ఈ పిన్నులకు బిగించే కాలిపర్ బోల్టులు చక్రం నట్లతో పోలిస్తే చాలా తక్కువ బిగువు అడుగుతాయి. చక్రం నట్టు బిగించిన అలవాటుతో బలం పెడితే మర పోతుంది.

చక్రాలు బిగించి కారు దింపాక, ఇంజిన్ స్టార్ట్ చేయకముందే బ్రేక్ పెడల్‌ని పదే పదే తొక్కండి. మొదటి తొక్కుకి అది నేల దాకా పోతుంది, ఎందుకంటే పిస్టన్ మనం నెట్టిన చోటే వెనక ఉండిపోయింది. నాలుగైదు తొక్కులకు గట్టిపడుతుంది. గట్టిపడకుండా కారు కదిలిస్తే బ్రేక్ లేనట్టే. ఇది మరిచిపోకుండా నేను స్టీరింగ్‌కి ఒక గుడ్డ కట్టి పెట్టుకుంటాను. పెడల్ గట్టిపడ్డాకే గుడ్డ విప్పుతాను. తర్వాత ఆయిల్ మట్టం చూడండి. ఖాళీ రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్ల నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, ఓ మోస్తరుగా బ్రేక్ వేస్తూ పదిసార్లు తగ్గించండి. మధ్యమధ్య చల్లారనివ్వండి. తొలి రోజు బ్రేక్ కొంచెం మెత్తగా పట్టినా టెన్షన్ పడక్కర్లేదు. పెడల్ మాత్రం మెత్తగా ఉండకూడదు.

ఈసారి అభ్యాసం కాస్త కష్టమైనదే, అయినా తప్పించుకోవద్దు. కొత్త ప్యాడ్‌లను ముట్టుకోకుండా, పాతవాటిని తీసి, అవే మళ్లీ బిగించండి. పెడల్ తొక్కడంతో సహా మొత్తం. ప్యాడ్‌లు సరిగ్గా వచ్చినవాళ్లూ ఇదే చేయాలి. తీసినప్పుడు రెండు చక్రాల్లోని నాలుగు ప్యాడ్‌ల మందం, ఇనప పలక వదిలేసి, లోపలిది, బయటిది వేరువేరుగా రాసుకోండి. డిస్క్ మీద అచ్చువేసిన కనీస మందం అంకె వెతికి, డిస్క్‌ని కొలిచి, ఆ రెండూ పక్కపక్కన రాయండి. ఒకే చక్రంలో లోపలి ప్యాడ్‌కీ బయటిదానికీ రెండు మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే ఏదో పిన్ను పట్టేసి ఉండొచ్చు. అలాంటివాళ్లు కొత్తవి వేయకుండా ఆగండి. వచ్చే పాఠం ఆ పిన్ను గురించే. డిస్క్ కనీస మందం దాటి అరిగినవాళ్లు కూడా ఆగి, ముందు డిస్క్ పార్టు నంబర్ వెతకడం మొదలుపెట్టండి.