కెర్బల్‌లో మోడ్ ట్యాంకుల లెక్క ఇలా కుదిరింది

రాకెట్లు కట్టి ఎగరేసే కంప్యూటర్ గేమ్ కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ మొదటి భాగంలో ఎఫ్‌ఎల్-టీ400 ట్యాంకులో 180 యూనిట్ల ఇంధనం, 220 యూనిట్ల ఆక్సిడైజర్ (ఇంధనం మండడానికి ఆక్సిజన్ ఇచ్చేది) పడతాయి. యూనిట్ బరువు 5 కిలోలు. ఖాళీ ట్యాంకు 0.25 టన్నులు, అంటే లోపలి సరుకులో ఎనిమిదో వంతు. మోడ్ ట్యాంకులన్నిటినీ, అంటే ఆటగాళ్లు తయారుచేసి గేమ్‌కు కలిపినవాటిని, ఈ కొలతకే తెచ్చాను.

ట్యాంకు సైజు మార్చే రీస్కేల్ ఫ్యాక్టర్ ఒక్కటే మారిస్తే చాలదు. సైజు రెట్టింపైతే ఘనపరిమాణం 8 రెట్లవుతుంది, ఇంధనం మాత్రం అంగుళం కదలదు! గేమ్ ఫైళ్లలోని అంకెలు మార్చే మాడ్యూల్ మేనేజర్ మోడ్‌కు రాసే ప్యాచ్‌లో మాస్ (ఖాళీ బరువు), అమౌంట్ (మొదట ఉండే ఇంధనం), మాక్స్‌అమౌంట్ (పట్టే గరిష్ఠం) మూడూ రాయాలి. అమౌంట్ వదిలేస్తే పెంచిన ట్యాంకు నిండకుండానే లాంచ్ ప్యాడ్ మీదికొస్తుంది. ఇంధనం, ఆక్సిడైజర్ నిష్పత్తి 9:11 తప్పకూడదు.

సేవ్ చేసిన రాకెట్లలో పాత అంకెలే ఉంటాయి. ఆ ట్యాంకు తీసి కొత్తది పెట్టాల్సిందే.