భీమిలి రోడ్డు మీద సైకిలు: వెళ్లేటప్పటి గాలిని నమ్మకండి

హుద్‌హుద్ తుఫాను వెళ్లిపోయిన మర్నాడు, అంటే 2014 అక్టోబరు 13న, పాల కోసం సైకిలెక్కాను. కాలేజీ రోజుల తర్వాత మళ్లీ ఎక్కడం అదే మొదలు. కరెంటు లేదు. పెట్రోలు దొరికే దారి లేదు. రోడ్డు నిండా కూలిన చెట్లు. స్కూటీ దూరని సందుల్లో మా అబ్బాయి సైకిలు దూరింది, అదీ దూరని చోట ఎత్తి అవతల పెట్టుకున్నాను. పాలు మాత్రం దొరకలేదు. సైకిలు అలవాటు అయిపోయింది.

ఇప్పుడు నాకు 51. వారానికి నాలుగు రోజులు పెదవాల్తేరు నుంచి రుషికొండ దాకా వెళ్లొస్తాను. ఒళ్లు బాగున్న ఆదివారం భీమిలి దాకా. రేసులు మనకొద్దు. విశాఖ వాతావరణంలో ఎలా తొక్కుతారండీ అని కాలనీలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. పొద్దున్న ఎండ, పదింటికి ఉక్క, మూడింటికి కుండపోత, మధ్యలో గాలి. నేను చెప్పేది ఒక్కటే: తిరిగి ఎలా వస్తారో చూసుకుని బయల్దేరండి. వెళ్లడం ఎవరైనా వెళ్తారు.

ముందు గాలి సంగతి, ఎందుకంటే మా బీచ్ రోడ్డులో వానకంటే గాలే ఎక్కువ మోసం చేస్తుంది. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా పోతుంది. ఆర్కే బీచ్ నుంచి భీమిలి వెళ్లడమంటే ఈశాన్యానికి వెళ్లడమే. ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ వీచేది ఎక్కువగా నైరుతి గాలి. అంటే వెళ్లేటప్పుడు వీపున తోస్తుంది, వచ్చేటప్పుడు మొహాన కొడుతుంది. వీపున తోసే గాలి తెలియదు, అదీ దానితో చిక్కు. మీరు గంటకు 18 కిలోమీటర్ల చొప్పున పోతుంటే, వెనక గాలి కూడా 18 ఉందనుకోండి. చెవిలో చప్పుడే ఉండదు. చున్నీ కూడా కదలదు. ‘అబ్బ, ఈరోజు గాలే లేదు, భలే తొక్కేస్తున్నాను’ అనుకుంటారు. వెనక్కి తిరిగి అదే వేగంతో తొక్కుదామంటే ఆ గాలే 36 అయి ఎదురొస్తుంది.

మొదటిసారి భీమిలి వెళ్లిన రోజు నాకు ఇదేమీ తెలియదు. వెళ్లడానికి గంటా పావు. వంతెన దగ్గర నిలబడి ఫొటో తీసుకుని అబ్బాయికి పంపాను కూడా. రావడానికి రెండున్నర గంటలు పట్టింది. ఎర్రమట్టి దిబ్బలు దాటాక, సరుగుడు తోట ఉన్నంత మేర బాగానే ఉంటుంది, తోటకు సందు వచ్చిన చోటల్లా ఎవరో చెయ్యి పెట్టి పక్కకు నెట్టినట్టుండేది. కారు తీసుకురమ్మని మా ఆయనకు ఫోన్ చేద్దామా అని రెండుసార్లు ఆగాను. పరువు అడ్డొచ్చింది.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. సాగర్ నగర్ దాటాక ఆగి, సైకిలు వెనక్కి తిప్పి, ఇంటివైపు ఒక వంద మీటర్లు తొక్కి చూస్తాను. ఎవరైనా చూస్తే ఏదో పోగొట్టుకుందనుకుంటారు, అనుకోనీండి. ఆ వంద మీటర్లు సులువుగా పోతే ముందుకు వెళ్తాను. ఒక గేరు తగ్గించాల్సి వస్తే రుషికొండతో సరి. రెండు గేర్లు తగ్గించాల్సి వస్తే అక్కడే టీ తాగి ఇంటికి. తెల్లవారుజామున గాలి నెమ్మదిగా ఉంటుంది, ఎండెక్కే కొద్దీ సముద్రపు గాలి పుంజుకుంటుంది కాబట్టి, ఆరింటికి సులువుగా ఉన్నది తొమ్మిదింటికి ఉండదని కూడా లెక్క వేసుకోండి. శీతాకాలంలో ఈశాన్యం గాలి ఉన్న రోజుల్లో ఇదంతా తిరగబడుతుంది. వెళ్లేటప్పుడు కష్టం, వచ్చేటప్పుడు ఎవరో తోసుకొచ్చినట్టు. భీమిలి మొదటిసారి వెళ్లేవాళ్లు డిసెంబరులోనే వెళ్లండి.

ఎదురుగాలిలో బలం చూపించకూడదు. చిన్న గేరులో పెట్టి, కాళ్లు తేలిగ్గా తిరిగేలా చూసుకుని, మోచేతులు కాస్త వంచి, వేగం ఎంత వస్తే అంతే అనుకోవాలి. పక్క నుంచి గాలి విసురుగా కొట్టేటప్పుడు హ్యాండిల్ బిగబట్టారంటే బండి ఇంకా ఊగుతుంది. వదులుగా పట్టుకుని, రోడ్డు అంచుకు మరీ దగ్గరగా కాకుండా ఒక మూర జాగా ఉంచుకోండి, ఎటు తోసినా ఇసుకలోకి పోకుండా.

ఇక ఉరుములు. మంగమారిపేట దగ్గర వలలు బాగుచేసుకునే ఒక ముసలాయన ఉండేవారు. మే నెలలో ఒక సాయంత్రం ఆయన దగ్గర ఆగి, సముద్రం మీద మబ్బు లేదు కదా, భీమిలి వెళ్లిరావచ్చా తాతా అని అడిగాను.

“సముద్రం కేసి సూస్తే ఏటి తెలుస్తాదమ్మా? ఎనక్కి తిరిగి కొండల కేసి సూడు” అన్నారు.

చూస్తే పడమటి ఆకాశం వంకాయ రంగులో ఉంది. వేసవి సాయంత్రాల్లో ఉరుముల వాన ఎక్కువగా కొండల మీంచే దిగి తీరానికి వస్తుంది. మనం నీలంగా మెరిసే సముద్రాన్ని చూసుకుంటూ పోతుంటే అది వీపు వెనక తయారవుతుంది. సముద్రం వైపు నుంచి వచ్చే వాన వాయుగుండాలది, తుఫానులది. దాని కబురు టీవీలో రెండు రోజుల ముందే వస్తుంది. అందుకని ఏప్రిల్, మే నెలల్లో తొక్కడం పొద్దున్నే పెట్టుకోండి. సాయంత్రమే కుదిరేవాళ్లు బయల్దేరే ముందు వాతావరణ శాఖ సైటులో విశాఖ రాడార్ బొమ్మ తెరిచి, పడమటా వాయవ్యమా ఏముందో చూడండి. ‘వర్షం పడే అవకాశం 40 శాతం’ అని ఫోన్ చెప్పేదానికంటే ఆ బొమ్మ నాకు ఎక్కువ పనికొస్తుంది. పిడుగుల కోసం ‘దామిని’ అనే ప్రభుత్వ యాప్ ఉంది, అది కూడా పెట్టుకోండి.

మెరుపు కనబడ్డాక ఉరుము వినబడేదాకా లెక్కపెట్టండి. ప్రతి మూడు సెకన్లకు దాదాపు ఒక కిలోమీటరు. ముప్పై సెకన్ల లోపు వినబడిందంటే ఇక సైకిలు దిగి లోపలికి వెళ్లాలి. లోపలికి అంటే పక్కా భవనంలోకి, కుదరకపోతే ఆగి ఉన్న కారులోకి. చెట్టు కిందకు కాదు, బడ్డీకొట్టు రేకు కిందకూ కాదు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. నేనైతే ఆ అరగంటా అమ్మకు ఫోన్ చేద్దామనుకుంటాను, అంతలోనే ఆవిడే చేసి తిడుతుంది.

విశాఖ పోర్టులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారని వార్త వచ్చిందంటే నా సైకిలు హాల్లో, సోఫా పక్కన ఉంటుంది. బాల్కనీలో కట్టేసినా నమ్మను. హుద్‌హుద్‌లో మా మేడ మీద నీళ్ల ట్యాంకు మూత ఏ వీధికి వెళ్లిందో ఇప్పటికీ తెలియదు. తుఫాను తర్వాత కూడా రెండు మూడు రోజులు ఆగండి. రోడ్ల మీద గాజు పెంకులు, రేకుల మేకులు ఉంటాయి, పంచర్లు వేయించుకోలేక చస్తాం.

మామూలు వానలో తొక్కడం అంత భయపడాల్సింది కాదు, బ్రేకు గురించి తెలిస్తే. నేను తెలుసుకున్నది ఇలా. జూన్‌లో తొలకరి, తెన్నేటి పార్కు దాటాక పల్లం. ముందు ఆటో ఆగింది. రెండు చేతులా బ్రేకులు నొక్కాను. ఏమీ కాలేదు. నాది చక్రం రిమ్మును రబ్బరుతో పట్టే బ్రేకు. తడి రిమ్ము మీద, చక్రం ఒకటి రెండు చుట్లు తిరిగే వరకు ఆ రబ్బరు నీళ్లు తుడుస్తూ ఉంటుంది, అంతే. నీళ్లు పోయాక ఒక్కసారిగా పట్టింది. అప్పటికి నా ముందు చక్రం రోడ్డు మీద వేసిన తెల్ల గీత మీద ఉంది. మోచెయ్యి గీసుకుపోయింది, అభిమానం ఇంకా ఎక్కువ గీసుకుపోయింది. ఆటో అతను దిగి, “అమ్మగారూ, లెగండి, ఏటీ అవనేదు” అంటూ సైకిలు ముందు ఎత్తాడు, నన్ను తర్వాత.

ఇప్పుడు పల్లం రాకముందే, అవసరం లేకపోయినా, బ్రేకులు అలా ముట్టించి వదులుతాను. రెండు మూడు సార్లు. రిమ్ము తుడుచుకుంటుంది. తర్వాత నొక్కితే మాట వింటుంది. వెనక బ్రేకు ముందు, ముందు బ్రేకు కాస్త తర్వాత, మెల్లగా. డిస్క్ బ్రేకులున్నవాళ్లకు ఈ బాధ తక్కువ. రోడ్డు మీద తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, ఇనుప జాలీలు తడిస్తే సబ్బు రాసినట్టే. వాటిని తప్పించలేకపోతే నిటారుగా, బ్రేకు నొక్కకుండా, తొక్కకుండా దాటేయండి. మలుపులో మాత్రం అసలు వద్దు. గుంటలో నీళ్లుంటే లోతెంతో తెలియదు, కాబట్టి దానిలోకి దిగొద్దు. చాలా రోజుల తర్వాత పడే వానలో మొదటి పావుగంట అన్నిటికంటే చెడ్డది. బళ్లు కార్చిన ఆయిలంతా పైకి తేలుతుంది. ఆ పావుగంట ఎక్కడైనా ఆగితే పోయేదేమీ లేదు.

టైర్లలో గాలి కూడా కొంచెం తగ్గించుకుంటాను. నా టైరు మీద 50 నుంచి 75 పీఎస్ఐ అని ఉంది. ఎండ రోజుల్లో 65 పెడతాను, వాన రోజుల్లో 55. రోడ్డును కాస్త వెడల్పుగా పట్టుకుంటుంది. కొత్తవాళ్లు ఇవన్నీ ఆర్కే బీచ్ దగ్గర తెల్లవారుజామున వాహనాలు రానివ్వని వేళ తడి రోడ్డు మీద ఒకసారి సాధన చేసి చూడండి.

బట్టల గురించి చాలామంది రెయిన్‌కోటు ఏది కొనాలని అడుగుతారు. నా ఉద్దేశంలో వద్దు. మన ఊరి ఉక్కలో రెయిన్‌కోటు వేసుకుని తొక్కితే లోపల చెమటతో తడుస్తాం, బయట వానతో తడిస్తే నయం. పైనుంచి కప్పుకునే గుడారం లాంటివి గాలికి తెరచాపలా లేస్తాయి, ఇంకా ప్రమాదం. త్వరగా ఆరే పాలిస్టర్ టీషర్టు, మోకాలి కిందకి బిగుతుగా ఉండే లెగ్గింగ్ చాలు. కాటన్ చుడీదారు తడిస్తే తొడలు ఒరుసుకుపోతాయి. చున్నీ ఎలాగూ వద్దు. పైన వెనకగాలి చెప్పినప్పుడు చున్నీ అన్నాను, అది మొదట్లో వేసుకున్నప్పటి మాట, ఒకసారి చైనులో పడ్డాక మానేశాను. కళ్లజోడు ఉన్నవాళ్లు హెల్మెట్ కింద ముందుకు చూరున్న పలచటి టోపీ పెట్టుకుంటే చినుకులు అద్దాల మీద పడవు. ఫోన్ కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్‌లో పెట్టి మడుస్తాను. ఖర్చు లేదు, ఇప్పటివరకు తడవలేదు. వెనక మడ్‌గార్డు తప్పదు. లేకపోతే రోడ్డు మీద ఆవులు వదిలినదంతా మీ వీపు మీద గీతలా ఎక్కుతుంది.

రోహిణి కార్తె ఎండలకు వేరే లెక్క. మే నెలాఖరులో ఇక్కడ ఐదున్నర లోపే తెల్లవారిపోతుంది. ఐదింటికి బయల్దేరి ఏడున్నరకు ఇంట్లో ఉండాలి. ఉక్కలో చెమట ఆరదు కాబట్టి ఒళ్లు చల్లబడదు, థర్మామీటరు చెప్పేదానికంటే ఎక్కువ ఇబ్బంది పడతాం. ఒక సీసాలో నీళ్లు, ఒకదానిలో ఉప్పు మజ్జిగ. గంట దాటితే లీటరు నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపినది, చెంచాలు చిన్నవి, తల కొట్టినవి. దాహం వేసేదాకా ఆగొద్దు. ఎండలో ఉండగా ఒళ్లు గగుర్పొడిచినా, తల తిరిగినా ఆ రోజుకు చాలు, నీడ చూసుకుని కూర్చుని ఎవరినైనా పిలవండి. ఈ విషయంలో పరువు చూసుకోకండి.

వానలో తొక్కి వచ్చాక ఒళ్లు తుడుచుకోవడానికి ముందు సైకిలు సంగతి చూడాలి, ఇది మా ఊళ్లో మరీ ముఖ్యం. వాన లేకపోయినా ఉప్పు గాలికి రెండు రోజుల్లో చైను మీద నారింజ రంగు పొడి కనబడుతుంది. ఒక మగ్గు మంచినీళ్లు పైనుంచి మెల్లగా పోయండి. పైపుతో గట్టిగా కొడితే నీళ్లు బేరింగుల్లోకి పోతాయి. పాత బనియన్‌తో తుడవండి. చైనును ఆ గుడ్డలో పట్టుకుని పెడలు వెనక్కి తిప్పితే నల్లగా వస్తుంది, నలుపు తగ్గేదాకా తిప్పండి. మరీ మురికైతే కిరసనాయిలులో ముంచిన పాత టూత్‌బ్రష్. పూర్తిగా ఆరాకే ఆయిలు, ఒక్కో లింకుకు ఒక్కో చుక్క, లోపలి వైపు. పది నిమిషాలాగి పైన మిగిలినది తుడిచేయాలి, లేకపోతే బీచ్ ఇసుకంతా దానికే అంటుకుంటుంది. కొబ్బరినూనె వేయొద్దు, జిగురెక్కుతుంది. కుట్టుమిషను ఆయిలు ఎండరోజులకు ఫరవాలేదు, ఒక్క వానకు కొట్టుకుపోతుంది. సైకిల్ షాపులో వానకాలానికని అమ్మే చిక్కటి చైను ఆయిలు ఒక సీసా కొంటే నాకు ఏడాది వస్తుంది.

బూట్లలో పాత పేపరు ఉండలు కుక్కి ఫ్యాను కింద పెడతాను. గంట తర్వాత ఆ పేపరు తీసేసి కొత్తది పెట్టాలి. మా ఇంట్లో పేపరు నేను చదివేలోపు మా ఆయన చదివేయాలనే నియమం అలా వచ్చింది.