తెల్లబారిన స్పిట్‌ఫైర్

మూడు నెలలు కూర్చుని కట్టిన 1/32 స్కేలు స్పిట్‌ఫైర్ యుద్ధ విమానం నమూనా అది. అసలు విమానం రెక్క కొన నుంచి కొనకు 11.23 మీటర్లు, నా బల్ల మీద 35 సెంటీమీటర్లు. నవంబరు ముసురులో, చెన్నై మాంబళంలోని మా ఇంట్లో, దానికి త్వరగా ఆరే లాకర్ (lacquer) వార్నిష్ కొట్టాను. పది నిమిషాల్లో ముదురు ఆకుపచ్చ మీద తెల్లని పొర కమ్మేసింది. ప్రాణం ఉసూరుమంది.

గీకేయబోతుంటే అంబత్తూరులో కార్లకు రంగులు వేసే మా బావ ఫోనులో ఆపాడు. "రంగు చెడలేదు, తేమ చిక్కుకుంది. ముట్టుకోకు" అన్నాడు. వార్నిష్‌ను పలచన చేసే థిన్నర్ వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలోని తేమ అక్కడ నీరై, ఆరుతున్న వార్నిష్‌లో ఇరుక్కుంటుంది. ఎంత చక్కగా చెప్పాడో!

వాన తెరిపిచ్చేదాకా నాలుగు రోజులు ఆగాను. మాస్కు పెట్టుకుని, నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నర్‌ను ముందు రెక్క అడుగున పరీక్షించి, తర్వాత అంతటా ఎయిర్‌బ్రష్‌తో మంచులా పలచగా చల్లాను. వార్నిష్ మెత్తబడి తేమను వదిలేసింది. రెండో విడతకు ఆకుపచ్చ తేటగా పైకి తేలింది. తోక మూలల్లో మాత్రం మూడోసారి కావలసి వచ్చింది.

ఇప్పుడు బల్ల మీద తేమ కొలిచే మీటరు ఉంది. ఏసీ వేసినా తేమ 65 శాతం కిందికి దిగకపోతే ఆ రోజు వార్నిష్ మూత తీయను.