పెద్ద కుటుంబానికి లారీలో ఇల్లు: మంచాల కంటే ముందు సీటు బెల్టులు లెక్కపెట్టండి

నాన్నమ్మ, తాతయ్య, ఇద్దరు అన్నదమ్ముల కుటుంబాలు, పిల్లలు, అందరూ కలిపి ఎనిమిది మంది ఒకే బండిలో నెలల తరబడి తిరగాలంటే, కాశీ, స్పీతి, లద్దాఖ్ అంటూ హోటళ్ల మీద ఆధారపడకుండా వెళ్లాలంటే, వ్యాన్ చాలదు. ఆరు చక్రాల లారీ ఛాసిస్ మీద ఇల్లు కట్టించుకోవాల్సిందే. ఈ ఆలోచన వచ్చిన వాళ్లంతా మొదటి రోజే మంచాలెక్కడ, వంటగది ఎక్కడ, బాత్రూమ్ ఎక్కడ అని బొమ్మ గీస్తారు. ఆ బొమ్మ తర్వాత. ముందు ఒకటి తేల్చుకోండి: బండి నడుస్తున్నప్పుడు ఎనిమిది మందీ ఎక్కడ కూర్చుంటారు?

లారీ క్యాబిన్‌లో డ్రైవర్ కాక ఇద్దరు పడతారు. మిగతా ఐదుగురు వెనక ఇల్లుగా కట్టే పెట్టెలోనే కూర్చోవాలి. సోఫా మీదో మంచం మీదో పడుకుని వస్తారులే అనుకోవద్దు, ఎనభై స్పీడులో బ్రేక్ కొడితే నిద్రపోతున్న పిల్లవాడు ఎదుటి గోడకు తగులుతాడు. ఐదు సీట్లూ ముందుకు తిరిగి ఉండాలి, ప్రతిదానికీ భుజం మీదుగా వచ్చే మూడు పాయింట్ల బెల్టు ఉండాలి, ఆ సీటు బోల్టులు ప్లైవుడ్‌లో కాకుండా పెట్టె కింద వేసే ఉక్కు చట్రం, అంటే సబ్‌ఫ్రేమ్‌లోకి దిగాలి. పక్కకు తిరిగి కూర్చునే బెంచీలు బండి ఆగినప్పుడు వాడుకోవడానికే. సీట్ల సంఖ్య ఆర్సీలో కూడా ఎక్కుతుంది కాబట్టి ఇది ప్రాణాలకూ, కాగితాలకూ రెండిటికీ సంబంధించిన విషయం.

కాగితాల మాట ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే డబ్బు ఎక్కువగా మునిగేది ఇక్కడే. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. పాత సరుకు లారీ చవకగా దొరికిందని కొని దాని మీద ఇల్లు కట్టారనుకోండి, ఆర్సీలో అది గూడ్స్ బండిగానే ఉంటుంది. అందులో కుటుంబాన్ని ఎక్కించుకుని వెళ్తుంటే చెక్‌పోస్టులో ఆపడం అటుంచి, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గరే పెద్ద గొడవ. సరైన దారి కొత్త ఛాసిస్ కొని, మోటార్ కారవాన్లకు (ఇల్లున్న బండ్లకు) ఉన్న ఏఐఎస్-124 ప్రమాణం ప్రకారం బాడీ కట్టించి, కారవాన్‌గానే మొదటిసారి రిజిస్టర్ చేయించడం. ఆ ఆమోదం పుణెలో ఏఆర్ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్ లాంటి పరీక్షా సంస్థల ద్వారా వస్తుంది. మీ ఒక్క బండి కోసం ఆ పరీక్షలన్నీ చేయించడం తలకు మించిన ఖర్చు, అందుకని అలాంటి ఆమోదం ముందే ఉన్న బాడీ బిల్డర్‌ని వెతకండి, సర్టిఫికెట్ కాపీ చేతికి తీసుకోండి, మీరు కొనబోయే ఛాసిస్ మోడల్ పేరు అందులో ఉందో లేదో చూడండి. అడ్వాన్స్ ఇవ్వకముందే ఆ కాపీతో మీ ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లి మాట్లాడండి, పన్ను ఎంత పడుతుందో కూడా అప్పుడే అడగండి. ఇంకో మాట, ఏడున్నర టన్నులు దాటిన బండికి కారు లైసెన్స్ పనికిరాదు, హెవీ లైసెన్స్ కావాలి. ఇంట్లో కనీసం ఇద్దరికి ఉంటే దూరప్రయాణంలో మార్చుకుంటూ నడపొచ్చు.

ఇక ఛాసిస్. ఎంత పెద్దదైతే అంత మంచిదనుకుంటారు కానీ అది నిజం కాదు. రెండు యాక్సిళ్ల లారీ మొత్తం బరువు చట్టప్రకారం 18.5 టన్నుల దాకా వెళ్లొచ్చు. మీ లెక్క చూడండి: క్యాబిన్‌తో ఛాసిస్ నాలుగైదు టన్నులు, పెట్టె, లోపలి సామాను కలిపి మూడు నుంచి నాలుగు టన్నులు, ఎనిమిది మంది మనుషులు అర టన్ను, నీళ్లు అర టన్ను, 300 లీటర్ల డీజిల్ పావు టన్ను, బట్టలు, బియ్యం, స్టెప్నీలు, టూల్స్ ఇంకో అర టన్నుకు పైనే. అంతా కలిపినా పది, పదకొండు టన్నులు. దీన్ని 18.5 టన్నుల లారీ మీద పెడితే కమాన్ కట్టలు (చక్రాల పైనుండే స్ప్రింగు పట్టీలు) అసలు కదలవు, ప్రతి గుంతా నేరుగా నాన్నమ్మ నడుముకు తగులుతుంది, అల్మరా స్క్రూలు ఊడిపోతాయి. మీ నిండు బరువు ఆ ఛాసిస్ సామర్థ్యంలో మూడొంతులకు కొంచెం పైన ఉండేలా చూసుకోండి, అంటే పన్నెండు నుంచి పద్నాలుగు టన్నుల తరగతి సరిపోతుంది. వెనక ఎయిర్ సస్పెన్షన్ ఉన్న ఛాసిస్ దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి.

ఫోర్ బై ఫోర్, అంటే ముందు చక్రాలకు కూడా ఇంజిన్ బలం అందే లారీ కావాలా అని అందరూ అడుగుతారు. ఆర్మీ వేలంలో పాత లారీ కొందామనే సరదా చాలామందికి ఉంటుంది. నా అభిప్రాయం మాత్రం వద్దనే. మన దేశంలో సరుకు లారీలు వెళ్లే దారుల్లో మామూలు లారీ కూడా వెళ్తుంది, మనాలి, లేహ్ దారిలో రోజూ వెళ్లేవి అవే. డిఫరెన్షియల్ లాక్ (ఒక వైపు చక్రం జారినా రెండో వైపుకు బలం అందించేది), మంచి టైర్లు, ముందూ వెనకా లాగడానికి గట్టి హుక్కులు ఉంటే చాలు.

పొడవు విషయంలో, రెండు యాక్సిళ్ల మధ్య దూరంలో (దీన్నే వీల్‌బేస్ అంటారు) 60 శాతం కంటే ఎక్కువ వెనక యాక్సిల్ దాటి బయటికి రాకూడదు. వీల్‌బేస్ 4.8 మీటర్లైతే వెనక గరిష్ఠంగా 2.88 మీటర్లు. ఇంచుమించు ఏడు మీటర్ల పెట్టె, లోపల 2.4 మీటర్ల వెడల్పు వస్తే సుమారు 180 చదరపు అడుగులు. ఎనిమిది మందికి ఇరుకే, కానీ పగలంతా బయట ఉండే కుటుంబానికి సరిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం, పెట్టెను ఛాసిస్‌కు ఎలా కలపాలన్నది. లారీ ఛాసిస్ రెండు పొడవాటి దూలాలు, వాటి మధ్య అడ్డ పట్టీలు. అది మెలితిరగడానికే చేశారు. ఒక ముందు చక్రం రాయి ఎక్కి, ఎదురు మూలన వెనక చక్రం గుంతలో దిగితే ఛాసిస్ మెలితిరుగుతుంది, ఇసుక ట్రిప్పుల లారీని చూస్తే క్యాబిన్ ఒక వైపు, తొట్టి ఇంకో వైపు వంగి కనిపించేది అందుకే. ఇల్లు అలా మెలితిరగలేదు. దాన్ని చుట్టూ యూ బోల్టులతో బిగించేస్తే మొదట తలుపులు పట్టేస్తాయి, తర్వాత మూలల్లో పగుళ్లు, ఆ తర్వాత వానకు లీకులు. అందుకని పెట్టె కింద విడిగా సబ్‌ఫ్రేమ్ వేయించి, వెనక యాక్సిల్ దగ్గర ప్లేట్లతో గట్టిగా బిగించి, ముందు వైపు స్ప్రింగు బోల్టుల మీద కూర్చోబెట్టాలి. ఛాసిస్ మెలితిరిగినప్పుడు ముందు భాగం కాస్త పైకి లేచి మళ్లీ కూర్చుంటుంది. బాగా చెడ్డ దారుల్లో తిరిగేవాళ్లు ముందు మధ్యలో తిరిగే కీలు ఒకటి, వెనక రెండు బిగింపులతో మూడు పాయింట్ల పద్ధతి పెట్టిస్తారు, ఖర్చు ఎక్కువ కానీ అద్భుతంగా పనిచేస్తుంది. ఏ పద్ధతైనా ఛాసిస్ దూలం పై అంచుకూ కింది అంచుకూ రంధ్రం పెట్టనివ్వకండి, వెల్డింగ్ చేయనివ్వకండి. నిలువు భాగంలో బోల్టులే వాడాలి. ఆటోనగర్‌లో చెయ్యి తిరిగిన మేస్త్రీలకు కూడా ఇది గుర్తు చేయండి, ఎందుకంటే వాళ్ల అలవాటంతా సరుకు తొట్ల మీద. పని అయ్యాక ఎదురెదురు మూలల చక్రాల కింద దిమ్మలు పెట్టి ఎత్తించి, లోపల తలుపులన్నీ తెరిచి మూసి చూడండి. తలుపు పట్టిందంటే బిగింపు తప్పు.

క్యాబిన్ నుంచి పెట్టెలోకి దారి కావాలంటే మధ్యలో మడతల రబ్బరు గొట్టం లాంటిది పెట్టాలి, క్యాబిన్ ముందుకు వంగే రకమైతే అది విప్పదీసేలా ఉండాలి. అంత తతంగం వద్దనుకుంటే కెమెరా, ఇంటర్‌కామ్ తప్పనిసరి. వెనక పిల్లలు పిలిస్తే డ్రైవర్‌కు వినపడాలి.

గోడలకు యాభై మిల్లీమీటర్ల పఫ్ ప్యానెళ్లు (వేడి, చలి ఆపే నురగ పలకలు), రెండు వైపులా ఫైబర్ పొర. ఇది ఎవరికి తెలుసంటే భీమవరం, విశాఖ వైపు రొయ్యల రవాణాకు చల్లని బాక్సులు కట్టేవాళ్లకు. లోపలి నుంచి బయటికి ఇనుము ఎక్కడా ఆరపార పోకూడదు, పోతే రెంటచింతల ఎండ లోపలికి వస్తుంది, లద్దాఖ్ చలిలో అదే ఇనుము మీద నీరు పడుతుంది. ఎనిమిది మంది రాత్రంతా ఊపిరి వదిలితే రెండు మూడు లీటర్ల తేమ గాల్లో చేరుతుంది, కాబట్టి పైకప్పులో రెండు ఫ్యాన్లు, చలిలో కూడా కాస్త తెరిచే ఉంచాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి మంచాల ఎత్తులో పెట్టండి. వెనక గోడలో తలుపుకు దూరంగా అత్యవసర కిటికీ, మనిషి దూరేంత.

నీళ్లు మనిషికి రోజుకు పదిహేను లీటర్లు పొదుపుగా వాడితే ఎనిమిది మందికి 120 లీటర్లు. 250 లీటర్ల ట్యాంకులు రెండు పెడితే నాలుగు రోజులు, ఒకదాంట్లో నీరు పాడైనా ఇంకోటి ఉంటుంది. రెండూ యాక్సిళ్ల మధ్య, వీలైనంత కింద, లోపల అడ్డు పలకలతో ఉండాలి, లేకపోతే మలుపుల్లో నీరు ఊగి బండినీ ఊపుతుంది. టాయిలెట్‌కు ఇరవై లీటర్ల క్యాసెట్ (బయటికి తీసి ఖాళీ చేసే డబ్బా) ఇంతమందికి రోజున్నరకే నిండుతుంది. రెండు పెట్టుకుని, పెట్రోల్ బంకు ఆగినప్పుడల్లా అందరూ బంకు టాయిలెట్ వాడే అలవాటు చేసుకోండి.

కరెంటుకు లారీ 24 వోల్టులది కాబట్టి ఇల్లు కూడా 24 వోల్టులకే కట్టండి. 400 ఆంపియర్ అవర్ల లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ అంటే పది యూనిట్లు. రాత్రి ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ ఐదారు యూనిట్లు తాగుతుంది, ఇండక్షన్ మీద వంట గంటసేపు పెద్ద మంటకు రెండు యూనిట్లు. పైకప్పు మీద 550 వాట్ల పలకలు నాలుగు పడతాయి, ఎండ బాగుంటే రోజుకు ఎనిమిది, తొమ్మిది యూనిట్లు. మబ్బు రోజుకు ఇంజిన్ నుంచి ఛార్జ్ అయ్యే ఏర్పాటు పెట్టించండి. గ్యాస్ పెట్టుకుంటే సిలిండర్ బయటికే తెరుచుకునే అరలో, ఆ అర అడుగున రంధ్రంతో ఉండాలి, ఎల్పీజీ గాలికంటే బరువు, కిందికే దిగుతుంది. లద్దాఖ్ చలిలో గ్యాస్ సరిగా రాదు, బీఎస్-6 బండిలో పొగను శుభ్రం చేయడానికి పోసే డెఫ్ ద్రవం మైనస్ 11 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, మామూలు డీజిల్ కూడా చిక్కబడుతుంది. శీతాకాలం వెళ్లేవాళ్లు అక్కడ దొరికే వింటర్ డీజిలే పోయించాలి.

పెద్దవాళ్ల గురించి ఒక్కటి మర్చిపోకండి. ఈ ఇంటి గడప నేలనుంచి నాలుగడుగులకు పైనే ఉంటుంది. ఇరవై సెంటీమీటర్ల మెట్లు ఆరైనా కావాలి, రెండు వైపులా పట్టుకునే కమ్మీలతో. మడత నిచ్చెన వాళ్లకు పనికిరాదు. వాళ్ల మంచం కిందే, టాయిలెట్‌కు రెండడుగుల్లో ఉండాలి. పై బెర్తులు పిల్లలకు, అంచున పట్టీ ఎత్తుగా పెట్టి.

బరువు మూడుసార్లు తూయించండి: ఖాళీ ఛాసిస్, పెట్టె పెట్టాక, సామాను, నీళ్లు, మనుషులతో నిండాక. కాటా మీద ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ విడివిడిగా, తర్వాత ఎడమ, కుడి చక్రాలు విడివిడిగా. ఒక వైపు బరువెక్కువైతే ట్యాంకో బ్యాటరీయో అటునుంచి ఇటు మార్చండి. టైర్లలో గాలి ఈ కొలతను బట్టే పెట్టించాలి, లారీ డోర్ మీద రాసిన నిండు లోడు అంకె పెడితే మళ్లీ ఒళ్లు హూనమే. మొదటి ఐదు వందల కిలోమీటర్లు ఇంటి చుట్టుపక్కలే, మెకానిక్ దొరికే చోట తిరగండి, తిరిగొచ్చాక సబ్‌ఫ్రేమ్ బోల్టులు, యూ బోల్టులు, సీటు బోల్టులు, వీల్ నట్లు అన్నీ టార్క్ రెంచితో (బిగింపు బలాన్ని కొలిచే పానాతో) మళ్లీ బిగించి, ప్రతిదాని మీదా పెయింటు గీత పెట్టండి. తర్వాత ఎప్పుడు బండి దిగినా ఆ గీత పక్కకు జరిగిందో లేదో చూస్తే చాలు, ఏ బోల్టు వదులైందో చూడగానే తెలిసిపోతుంది.