ఇంట్లో చేసిన బ్రెడ్, కేకు, బిస్కెట్లు త్వరగా పాడవుతుంటే: కారణాలు, పరిష్కారాలు

ప్యాకెట్ బ్రెడ్ ఐదారు రోజులు నిలుస్తుంది, ప్యాకెట్ కేకు నెలల తరబడి నిలుస్తుంది. ఇంట్లో చేసింది మాత్రం మూడో రోజుకే పోతుంది. ఎందుకని అడిగితే చాలామంది "అందులో అంతా కెమికల్సే" అంటారు. ఆ మాట సగమే నిజం. ప్రిజర్వేటివ్ (పాడవకుండా ఆపే పదార్థం) చేసే పని ఉంది కానీ, అంతకు ముందే నీటిని కట్టడి చేయడం, సరిగ్గా చల్లార్చడం, గాలి చొరకుండా మూయడం జరుగుతాయి. ఇవి చాలావరకు మన వంటింట్లోనూ చేయొచ్చు. మీ దగ్గర ఏది ఎలా పాడవుతోందో చూసి, దాని కారణం పట్టుకోండి.

సమస్య: బ్రెడ్ మీద పచ్చగా, నల్లగా బూజు

కారణం: ఓవెన్ వేడికి బూజు బీజాలు చచ్చిపోతాయి. అంటే మీరు చూస్తున్న బూజు కాల్చిన తర్వాత వచ్చిందే. గాలి నుంచో, కత్తి నుంచో, కోసే చెక్క నుంచో, చేతుల నుంచో అంటుకుంటుంది. వేడిగా ఉండగానే కవర్లో పెడితే ఆవిరి చుక్కలై లోపల పేరుకుంటుంది, బూజు అక్కడే మొదలవుతుంది. పెద్ద బేకరీలు శుభ్రమైన గాలిలో చల్లార్చి, లోపలి వేడి 40 డిగ్రీల లోపుకు దిగాకే ముక్కలు కోస్తాయి.

పరిష్కారం: టిన్నులోంచి వెంటనే తీసి, కింద కూడా గాలి ఆడేలా జాలీ మీద రెండు మూడు గంటలు ఉంచండి. వానాకాలంలో ఇంకాసేపు ఆగాలి. కత్తి, చెక్క కడిగి పూర్తిగా ఆరబెట్టండి. ఉల్లిపాయలు తరిగే చెక్క వద్దు. బూజు ఒక్క మూల కనిపించినా బ్రెడ్ మొత్తం పారేయండి. దాని పోగులు మెత్తటి బ్రెడ్ లోపలికి కంటికి కనబడకుండా పాకి ఉంటాయి, పైది గిల్లేసి పిల్లలకు పెట్టకండి.

ప్యాకెట్ మీద కనిపించే క్లాస్ 2 ప్రిజర్వేటివ్, 282 నంబరు, కాల్షియం ప్రొపియోనేట్. బూజును ఆపుతుంది, ఈస్ట్‌ను పెద్దగా ఆపదు కాబట్టి బ్రెడ్ పొంగుతుంది. బ్రెడ్‌కు దీన్నే ఎక్కువగా వాడేది అందుకే. దీన్ని పొటాషియం బ్రోమేట్‌తో కలిపేసి టెన్షన్ పడేవాళ్లు ఉన్నారు. బ్రోమేట్ నిల్వ కోసం కాదు, పిండి బాగా పొంగడానికి వేసేవారు. దాన్ని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016లోనే నిషేధించింది.

సమస్య: బ్రెడ్ లోపల జిగురు, బాగా మగ్గిన పండు వాసన

కారణం: ఎండాకాలంలో ఎక్కువ. ఇది బూజు కాదు, బాసిలస్ జాతి బ్యాక్టీరియా. ఓవెన్ ఎంత వేడిగా ఉన్నా బ్రెడ్ నడిమి భాగం 100 డిగ్రీలు దాటదు, ఆ వేడికి దీని బీజాలు చావవు. విరిస్తే సన్నటి తీగలు సాగుతాయి.

పరిష్కారం: తినకండి. పాత పిండి, రాలిన పొడి అన్నీ పారేసి, గిన్నెలు, టిన్నులు వెనిగర్‌తో తుడవండి. తర్వాతిసారి అర కిలో మైదాకు ఒక టేబుల్ స్పూన్ వెనిగర్ కలపండి. ఈ బ్యాక్టీరియాకు పులుపు గిట్టదు.

సమస్య: ఫ్రిజ్‌లో పెట్టినా గట్టిపడి, పొడిపొడిగా రాలుతోంది

కారణం: పెట్టినా కాదు, పెట్టినందుకే. బ్రెడ్‌లో ఉడికిన పిండిపదార్థం చల్లారాక మళ్లీ గట్టిగా పేర్చుకుంటుంది. ఫ్రిజ్ చల్లదనంలో ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. కంపెనీలు దీన్ని నెమ్మదింపజేయడానికి ప్యాకెట్ మీద 471, 481 లాంటి నంబర్లతో కనిపించే ఎమల్సిఫయర్లు (నూనె, నీరు కలిసేలా చేసే పదార్థాలు), ఎంజైములు వాడతాయి.

పరిష్కారం: రెండు రోజుల్లో తినేది బయటే మూతపెట్టి ఉంచండి. మిగతాది ముక్కలు కోసి ఫ్రీజర్లో పెట్టండి. పెనం మీద వేడి చేస్తే మళ్లీ మెత్తబడుతుంది. పిండిలో కాస్త వెన్న, పాలు చేరిస్తే ఇంకో రోజు మెత్తగా ఉంటుంది.

సమస్య: బిస్కెట్లు మెత్తబడడం, పాత నూనె వాసన

బ్రెడ్‌లో మూడో వంతుకు పైగా నీరే, బిస్కెట్‌లో 5 శాతం కూడా ఉండదు. అందుకే బిస్కెట్‌కు, రస్కుకు బూజు రాదు. కానీ గాలిలోని తేమను పీల్చుకుంటాయి. మెత్తబడితే తక్కువ మంటలో కాసేపు ఆరబెట్టి, పూర్తిగా చల్లారాక గట్టి మూత డబ్బాలో పోయండి. పాత నూనె వాసన వేరే సంగతి. నెయ్యికి, వెన్నకు గాలి, వెలుతురు తగిలి వస్తుంది, మళ్లీ కాల్చినా పోదు. ప్యాకెట్ లోపల వెండిలా మెరిసే పొర ఉండేది వీటిని అడ్డుకోవడానికే. ఇంట్లో ఎండ పడని చోట, గాజు కంటే స్టీలు డబ్బా మంచిది. తాజా నెయ్యి వాడండి.

సమస్య: కేకు నిలవడం లేదు

కేకులో నీరు ఉన్నా, చక్కెర దాన్ని పట్టి ఉంచుతుంది. ఆ నీరు సూక్ష్మజీవులకు అందదు. ప్యాకెట్ కేకుల్లో చక్కెరతో పాటు గ్లిజరిన్, సార్బిటాల్ కూడా ఇదే పని చేస్తాయి. బూజును ఆపడానికి సార్బేట్లు అనే ప్రిజర్వేటివ్‌లు వేస్తారు, పైన గాలి చొరకుండా సీలు వేస్తారు. ఇంట్లో కేకు తీపి బాగా తగ్గించి చేస్తే రుచే కాదు, నిల్వ కూడా తగ్గుతుందని గుర్తుంచుకోండి. ఎండు పండ్లు దట్టించిన ప్లమ్ కేకు వారాలు నిలిచేది ఆ చక్కెర వల్లే. తాజా క్రీమ్, పండ్ల ముక్కలు పెట్టిన కేకుకు మాత్రం ఈ లెక్కలేవీ పనిచేయవు. ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో తినేయాల్సిందే.