వాసనలు పడనివాళ్లకు పడకగది సిద్ధం చేయడం ఎలా?

ఫినాయిల్‌తో తలనొప్పి, అగరుబత్తితో దగ్గు, కొత్త బీరువా తలుపు తీస్తే కళ్ల మంట. ఇంట్లో ఒకరికి ఇలా ఉంటే చాలామంది ఒకేరోజు ఇల్లంతా మార్చేస్తారు. డబ్బు పోతుంది, పడనిది ఏదో మాత్రం తేలదు. ముందు పడకగది ఒక్కటే చేయండి. రాత్రంతా పీల్చేది ఆ గాలే.

కావలసినవి: మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలు, నూలు దుప్పట్లు, దోమతెర, ఒక నోటుబుక్కు. ప్లాస్టిక్ డబ్బాలు వద్దు, వాటికి వాసన పట్టేస్తుంది.

కలరా ఉండలు, దోమల లిక్విడ్, రూమ్ ఫ్రెష్‌నర్, సెంట్లు, డ్రైక్లీనింగ్ బట్టలు స్టీలు డబ్బాల్లో మూసి గది బయటపెట్టండి. నేల మామూలు నీళ్లతో తుడవండి. దుప్పట్లు కుంకుడు రసంతోనే ఉతకాలి. ఇదంతా ఒక పూట పని.

పది రోజులు అలా పడుకున్నాక తేలికగా ఉంటే, వస్తువులను మళ్లీ లోపలికి తేవాలి. అందరూ పాడుచేసేది ఇక్కడే. ఒక్క వస్తువు తెచ్చి మూడు రోజులు ఆగాలి. "నిన్న బాగానే ఉందిగా" అని మర్నాడే ఇంకొకటి తెచ్చారంటే, ఆ తర్వాత వచ్చిన దగ్గు దేనివల్లో చెప్పలేరు. నేను రెండు నెలలు కొత్త పరుపునే అనుమానించాను. చివరికి అరలో కాగితం కింద ఒక కలరా ఉండ దొరికింది.

ఆ మూడు రోజుల్లో మిరపకాయల పోపు ఘాటు, పక్కింట్లో పెయింట్ పని, ముసురు, అన్నీ రాయండి. ప్లైవుడ్ బీరువాను ఆఖరున చూడండి. దాని జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ అనే ఘాటు వాయువు వేడికి, తేమకు పెరుగుతుంది. జనవరిలో పడిన బీరువా మే నెలలో పడకపోవచ్చు. ఆయాసం, పిల్లికూతలు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా ఈ పరీక్ష చేయకూడదు. మందులు ఆపకూడదు.

దీనికి బదులు ఎయిర్ ప్యూరిఫైయర్ కొనమంటారు. అందులో ఉండే హెపా ఫిల్టర్ ధూళిని పడుతుంది, ఇలాంటి వాయువులను పట్టదు. వాటికి బొగ్గు ఫిల్టర్ కావాలి, దాన్నీ తరచూ మార్చాలి. ఎదురెదురు కిటికీలు తెరవడమే మేలు.

గదికి బాత్‌రూమ్ ఆనుకుని ఉంటే అది కడిగేటప్పుడూ జాగ్రత్త. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది, అది ఎవరికైనా ప్రమాదమే. కడిగిన రోజు మధ్య తలుపు మూసి, బాత్‌రూమ్ కిటికీ తెరిచి ఉంచండి.